మీనింగ్స్ అన్నీ రైట్, పాసేజ్ మాత్రం రాదు: రీడింగ్ టెస్ట్‌లో అసలు మనం కొలుస్తున్నది ఏమిటి?

తెల్లకాగితం అడుగుతున్నారు:

ఇంగ్లీష్ రెండో భాషగా నేర్చుకుంటున్న పిల్లలకి పాఠాలు చెప్తాను, అందరూ పదమూడు పద్నాలుగేళ్ల వాళ్లు. నెలకోసారి టెస్ట్ పెడతాను. ఒక పాసేజ్, దాని కింద ఐదు ప్రశ్నలు, ఆ తర్వాత ఆ నెల చెప్పిన పాఠాల్లోంచి పది పదాలకి అర్థాలు, అన్నీ కలిపి ఇరవై మార్కులు. చాలా చోట్ల నడిచే పద్ధతే ఇది.

పేపర్లు దిద్దుతుంటే ఒక విషయం తేలడం లేదు. ఒకమ్మాయి మీనింగ్స్ ఒక్క తప్పు లేకుండా రాస్తుంది, స్పెల్లింగ్‌తో సహా, కానీ పాసేజ్ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ఇంకో అబ్బాయి సరిగ్గా దానికి రివర్స్, మీనింగ్స్‌లో రెండో మూడో వస్తాయి, పాసేజ్ ప్రశ్నలు మాత్రం దాదాపు అన్నీ రైట్. పిలిచి ఎలా రాశావని అడిగితే, ప్రశ్నలో ఉన్న పెద్ద పదం పాసేజ్‌లో ఎక్కడుందో వెతికి ఆ వాక్యం మొత్తం దించేశానని దాచకుండా చెప్పాడు. ఆ వాక్యంలో ఏముందో చెప్పమంటే చెప్పలేకపోయాడు. ఇద్దరికీ టోటల్ మాత్రం ఒకటే, రిజిస్టర్‌లో చూస్తే ఇద్దరూ ఒకే స్థాయి పిల్లలు. నాకు తెలుసు వాళ్లిద్దరికీ కావలసిన సాయం వేరు వేరని, కానీ నేను పెట్టే పేపర్ ఆ సంగతి చెప్పడం లేదు.

పేపర్ ఎలా సెట్ చేస్తే చదవడం వేరుగా, పదాలు వేరుగా తెలుస్తాయి? అసలు వాటిని వేరు చేయడం సాధ్యమేనా? ఆన్‌లైన్‌లో "మీకు ఎన్ని ఇంగ్లీష్ పదాలు తెలుసో చెప్తాం" అనే టెస్టులు ఉంటాయి కదా, వాటిని పిల్లలకి పెట్టొచ్చా? క్లాసులో ఈ పని చేసేవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి.

---

అక్షరాలబడి:

ముందు ఆ అబ్బాయి సంగతి. ఒక్క వాక్యం ఇస్తాను చూడండి: "ద డ్రోక్స్ గ్లిమ్డ్ ద టార్పిల్ బిఫోర్ సన్‌రైజ్." డ్రోక్స్, గ్లిమ్డ్, టార్పిల్ ఇప్పుడే నేను కల్పించిన మాటలు, ఏ డిక్షనరీలోనూ దొరకవు. ఇప్పుడు ప్రశ్నలు: "వాట్ డిడ్ ద డ్రోక్స్ గ్లిమ్?" జవాబు ద టార్పిల్. "వెన్ డిడ్ దే గ్లిమ్ ఇట్?" బిఫోర్ సన్‌రైజ్. రెండుకి రెండు మార్కులు వచ్చేశాయి, ఎవరు ఎవరిని ఏం చేశారో మాత్రం మీకూ తెలియదు నాకూ తెలియదు. మనం ఇచ్చే పాసేజ్ ప్రశ్నల్లో చాలా భాగం ఇలాంటివే. వాక్యాన్ని తిప్పి ప్రశ్న చేస్తాం, పిల్లలు ప్రశ్నని తిప్పి జవాబు చేస్తారు. వాళ్లని తప్పు పట్టడానికి లేదు, పేపరే ఆ దారి చూపిస్తోంది.

దీనికి మందు కష్టమైన పాసేజ్ ఇవ్వడం కాదు. చాలామంది అదే చేస్తారు, దానివల్ల రాని పిల్లలకి ఇంకా రాకుండా పోతుంది తప్ప ఏమీ తెలియదు. పాసేజ్ తేలిగ్గానే ఉండాలి, ప్రశ్న మారాలి. ఉదాహరణకి ఈ వాక్యం: "ద బ్రిడ్జ్ వాజ్ స్టిల్ అండర్ వాటర్, సో సారా టుక్ ద హిల్ రోడ్ అండ్ రీచ్డ్ హోమ్ ఆఫ్టర్ డార్క్." ఇక్కడ "సారా ఏ దారిలో వెళ్లింది" అని అడిగితే హిల్ రోడ్ అని దించేస్తారు. అదే "సారా మామూలుగా ఇంటికి ఏ దారిలో వెళ్తుంది?" అని అడగండి. ఆ జవాబు పాసేజ్‌లో ఎక్కడా రాసి లేదు, కానీ వాక్యం అర్థమైన పిల్లలెవరైనా చెప్పేస్తారు, వంతెన మీదుగా అని. "వంతెన ఆ రోజే మునిగిందా, అంతకుముందే మునిగిందా?" అని అడగండి. ఇప్పుడు బరువంతా "స్టిల్" అనే ఒక్క చిన్న మాట మీద పడుతుంది. ఆ మాట పట్టుకున్నవాళ్లు ముందే మునిగిందంటారు, పట్టుకోనివాళ్లు ఏదో ఒకటి రాస్తారు. ఒక్క వాక్యం మీద రెండు ప్రశ్నలు, రెండూ నిజంగా చదివితేనే వచ్చేవి. తేలిక పదాలతోనే ఇంత పని జరుగుతుంది.

ఇంకో పరీక్ష మీ పేపర్‌కే పెట్టండి. పాసేజ్ దాచేసి ప్రశ్నలు మాత్రం ఇంకో టీచర్‌కి ఇవ్వండి. ఎన్నింటికి జవాబు చెప్పగలిగారో అన్ని ప్రశ్నలు పనికిరానివి. తేనెటీగల మీద పాసేజ్ ఇచ్చి "తేనెటీగల వల్ల మొక్కలకి లాభమేమిటి" అని అడిగితే సైన్స్ క్లాసులో వినే పిల్లలు పాసేజ్ ముట్టుకోకుండానే రాసేస్తారు. అది రీడింగ్ టెస్ట్ కాదు, సైన్స్ టెస్ట్.

ఇక ఆ అమ్మాయి. 1986లో గఫ్, టన్మర్ అని ఇద్దరు పరిశోధకులు చదవడం గురించి ఒక సూత్రం చెప్పారు, చాలా సింపుల్‌గా ఉంటుంది కానీ క్లాసులో బాగా పనికొస్తుంది. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాల్ని మాటలుగా మార్చుకోగలగడం ఇంటూ ఆ భాష వింటే అర్థం కావడం. కూడిక కాదు, గుణకారం. అంటే ఒకవైపు సున్నా అయితే రెండోవైపు ఎంత ఉన్నా ఫలితం సున్నాయే. కాబట్టి ఆ అమ్మాయిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి, అదే స్థాయి పాసేజ్ ఇంకోటి మీరు నెమ్మదిగా చదివి వినిపించి, ప్రశ్నలు నోటితో అడగండి. విని చెప్పేస్తే ఇబ్బంది కాగితం మీది అక్షరాల దగ్గర ఉంది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ వెళ్లేసరికి వాక్యం మొదలు మర్చిపోతోందన్నమాట. విన్నా చెప్పలేకపోతే ఇబ్బంది భాషలోనే ఉంది, వాక్యం ఎలా కట్టారో అందడం లేదు. ఈ రెండింటికీ చేయాల్సిన పని పూర్తిగా వేరు. గడగడా పైకి చదివేస్తే చదువు వచ్చినట్టే అనుకునేవాళ్లు కూడా ఇది ఒకసారి చేసి చూడాలి, ధారాళంగా చదివేసి ఒక్క ముక్క అర్థం కాని పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు.

---

మార్జిన్‌లో:

పై జవాబులో రీడింగ్ గురించి అంతా వచ్చేసింది, నేను పదాల వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది అక్కడే.

ఆ అమ్మాయికి మీనింగ్స్‌లో వచ్చిన పదికి పది ఏం చెప్తోంది? మీరిచ్చిన లిస్ట్‌లో ఈ మాటకి పక్కన ఈ మాట ఉందని గుర్తుంది, అంతే. బట్టీ పట్టడం తక్కువ పని అని నేను అనను, పదాలు నేర్చుకోవడంలో దానికి నిజంగా చోటుంది. కానీ "ఆర్డర్ అంటే ఆజ్ఞ" అని రాసిన పిల్లలకి "ద లిఫ్ట్ ఈజ్ అవుట్ ఆఫ్ ఆర్డర్" అనే వాక్యం ఇస్తే ఆ ఆజ్ఞ దేనికీ పనికిరాదు. పదం తెలియడం అనేది ఉందా లేదా అని రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు. చూస్తే గుర్తుపట్టడం ఒకటి, అర్థం సొంతంగా చెప్పగలగడం ఒకటి, ఏ మాట పక్కన ఏది ఇముడుతుందో తెలియడం ఒకటి, అవసరం వచ్చినప్పుడు నోటికో చేతికో రావడం ఇంకొకటి. "హెవీ రెయిన్" అంటారు గానీ "స్ట్రాంగ్ రెయిన్" అనరు, రెండు మాటలకీ అర్థం తెలిసిన పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. అందుకే జాన్ రీడ్ అనే ఆయన 1990లలో ఒక పదమిచ్చి, దానికి దగ్గరగా ఉండేవీ దానితో జతకట్టేవీ గుర్తించమనే టెస్ట్ తయారుచేశారు. ఎన్ని పదాలు తెలుసు అనేదాని కంటే ఒక్కో పదం ఎంత లోతుగా తెలుసు అని చూడటానికి.

మీరు క్లాసులో చేయగలిగేది: పది పదాలకి అర్థాలు అడిగే బదులు ఐదు పదాలు తీసుకుని, ఒక్కోదాన్ని పాఠంలో లేని కొత్త వాక్యంలో పెట్టి, ఆ వాక్యంలో దాని అర్థం అడగండి. మిగతా మార్కులకి వాక్యం ఇచ్చి, రావాల్సిన మాటకి మొదటి రెండు మూడు అక్షరాలు చూపించి పూర్తి చేయమనండి. లాఫర్, నేషన్ 1999లో ఇలాంటి టెస్టే తయారుచేశారు, సొంతంగా వాడగలిగే పదాల్ని కొలవడానికి. మొదటి అక్షరాలు ఇవ్వడం ఎందుకంటే వేరే పదమేదో సరిపోయి మీతో వాదనకి దిగకుండా.

బిట్స్ రూపంలో అడిగితే ఆప్షన్ల మీద కాస్త శ్రద్ధ పెట్టాలి. అడిగిన పదం విశేషణమైతే నాలుగు ఆప్షన్లూ విశేషణాలే కావాలి. రైట్ ఆన్సర్ ఒక్కటే పొడుగ్గా వివరంగా ఉండి మిగతా మూడూ పొట్టిగా ఉంటే పిల్లలు పొడుగుదే పెడతారు, పెట్టి మార్కు తెచ్చుకుంటారు. అన్నిటికంటే ముఖ్యం, ఆప్షన్లలో వాడే మాటలు అడిగిన పదం కంటే తేలిగ్గా ఉండాలి. "రిలక్టెంట్" తెలుసా అని అడుగుతూ ఆప్షన్‌లో "డిస్‌ఇన్‌క్లైన్డ్" అని పెడితే, తప్పు రాసినవాళ్లకి ఏ పదం తెలియదో మీకెలా తెలుస్తుంది?

ఇప్పుడు ఆన్‌లైన్ టెస్టులు. వాటిలో గట్టి పునాది ఉన్నది పాల్ నేషన్, బెగ్లర్ 2007లో తెచ్చిన వొకాబ్యులరీ సైజ్ టెస్ట్. 140 ప్రశ్నలు, ఇంగ్లీష్‌లో ఎక్కువగా వాడే పదాల నుంచి అరుదుగా వాడే పదాల దాకా వెయ్యి చొప్పున 14 మెట్లు, మెట్టుకి పది ప్రశ్నలు. వచ్చిన స్కోరుని వందతో హెచ్చిస్తే మీకు తెలిసిన పద కుటుంబాల సంఖ్య అని లెక్క. పద కుటుంబం అంటే రన్, రన్స్, రన్నింగ్, రన్నర్ అన్నీ కలిపి ఒకటి. బాగా ఆలోచించి చేసిన టెస్ట్, కాదనను. కానీ ఒక లెక్క వేయండి. ప్రతి ప్రశ్నకీ నాలుగు ఆప్షన్లు. ఒక్క ఇంగ్లీష్ ముక్క రాని మనిషి కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా సగటున నాలుగింట ఒకటి తగులుతుంది, అంటే 35 రైట్, వందతో హెచ్చిస్తే 3500 పద కుటుంబాలు! నిజంగా వెయ్యి పదాలు కూడా రాని పిల్లల చేతిలో ఆ అంకె పెడితే వాళ్లకీ అపకారం, మీకూ తప్పుదారి. ఇంగ్లీష్ ఎప్పటినుంచో చదువుతున్న పెద్దవాళ్లకి అది పనికొస్తుంది. మీ పిల్లలకి వొకాబ్యులరీ లెవెల్స్ టెస్ట్ నయం, నేషన్ 1983లో మొదలుపెట్టింది, 2001లో ష్మిట్ వాళ్లు కొత్త రూపాలు తెచ్చారు. అందులో ఆరు పదాలిచ్చి మూడు అర్థాలిచ్చి జతపరచమంటారు, గుడ్డిగా పెడితే తగిలే అవకాశం తక్కువ. పైగా అది మొత్తం ఎన్ని పదాలని చెప్పదు, రెండు వేల మెట్టు గట్టిగా ఉందా, మూడు వేల మెట్టు దగ్గర ఆగారా అని విడివిడిగా చెప్తుంది. టీచర్‌కి కావలసింది అదే కదా, రేపు ఏ మెట్టు పదాలు చెప్పాలో తెలియడం.

ఇంకో రకం ఉంది, పదాలు వరసగా చూపించి "తెలుసు, తెలియదు" అని నొక్కమంటారు. పిల్లలు అన్నీ తెలుసని నొక్కేస్తారేమో అంటారా, అందుకే మధ్యమధ్యలో అసలు లేని పదాలు కలుపుతారు. పాల్ మీరా 1980లలో ఈ పద్ధతిని బాగా ముందుకు తీసుకెళ్లారు. లేని పదాలకి ఎన్నిసార్లు తెలుసని నొక్కారో చూసి అసలు స్కోరు తగ్గిస్తారు. పిల్లలకి ముందే చెప్పండి ఇందులో కల్పించిన మాటలు ఉన్నాయని, లేకపోతే వాళ్లని ఉచ్చులో పడేసినట్టవుతుంది, రెండోసారి మీ టెస్ట్‌ని నమ్మరు.

---

రాత్రిచదువు:

అందరూ చెప్పింది బాగుంది కానీ ఒక విషయం ఎవరూ ఎత్తలేదు, ప్రశ్నలు ఏ భాషలో అడుగుతున్నారు? జవాబు ఏ భాషలో రాయమంటున్నారు? ఆ అమ్మాయికి పాసేజ్ అర్థమై, ప్రశ్న అర్థం కాలేదేమో. లేదా ప్రశ్న కూడా అర్థమై, జవాబుని ఇంగ్లీష్‌లో కూర్చలేక వదిలేసిందేమో. అలాంటప్పుడు మీరు వేసిన సున్నా రాయడం రానందుకు పడింది, చదవడం రానందుకు కాదు. నా వరకు ఈ వయసులో రీడింగ్ టెస్ట్ ప్రశ్నలు మాతృభాషలో ఉండాలి, జవాబులు కూడా మాతృభాషలో రాయనివ్వాలి. పదాల టెస్టులకీ అంతే. 2013లో ఇరీనా ఎల్గోర్ట్ అనే పరిశోధకురాలు రష్యన్ మాతృభాషగా ఉన్నవాళ్లకి పై జవాబులో చెప్పిన సైజ్ టెస్ట్‌నే పెట్టి, ఆప్షన్లు రష్యన్‌లో ఉంటే స్కోర్లు పెరగడం చూపించారు. వాళ్లకి ఆ పదాలు అప్పటికే తెలుసు, ఇంగ్లీష్‌లో రాసిన వివరణే అడ్డం పడుతోందన్నమాట.

---

అక్షరాలబడి:

@రాత్రిచదువు గారూ, సగం ఒప్పుకుంటాను. ఇబ్బంది ఎక్కడుందో వెతికే టెస్ట్‌లో మాతృభాష వాడటం సరైనదే, జవాబు ఏ భాషలో రాసినా మార్కు వేయాల్సిందే. కానీ ఎప్పుడూ అలాగే పెడితే ఇంగ్లీష్‌లో ప్రశ్న చదివి అది ఏం అడుగుతోందో పట్టుకోవడం అనే పని వాళ్లకి అలవాటు కాదు, చివరికి బయట రాసే పరీక్షల్లో ప్రశ్నలుండేది ఇంగ్లీష్‌లోనే. విదేశీ చదువుల కోసం రాసే ఐఈఎల్‌టీఎస్ (IELTS) పరీక్షలో అకడమిక్ రీడింగ్ తీసుకోండి, మూడు పాసేజ్‌లు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, ఒక్క మాట కూడా మాతృభాషలో ఉండదు. ఆ "ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్" ప్రశ్నల్లో పెద్దవాళ్లే బోల్తా పడతారు, పాసేజ్‌లో లేనిదానికీ పాసేజ్ కాదన్నదానికీ తేడా తెలియక. (పిల్లలకి కూడా ట్రూ ఫాల్స్ పెడితే ఆ మూడోది కలపండి, ఉత్త ట్రూ ఫాల్స్‌లో ఊహించినా సగం రైట్ వస్తాయి.) నేనైతే ప్రశ్న ఇంగ్లీష్‌లో చాలా తేలిక మాటలతో ఇచ్చి, జవాబు ఇష్టమైన భాషలో రాయమంటాను.

---

రాత్రిచదువు:

ప్రశ్న నిజంగా తేలిక మాటల్లో ఉంటే సరే. నేను చూసిన పేపర్లలో పాసేజ్ కంటే ప్రశ్నే కష్టంగా ఉంటుంది, నా గొడవ అదే.

---

దిద్దుబాటు:

పాసేజ్ ఎంచుకోవడం గురించి చెప్తాను, ఎందుకంటే అక్కడ తప్పితే మిగతా ఎంత జాగ్రత్తగా చేసినా లాభం లేదు.

పాసేజ్‌లో వందకి ఎన్ని మాటలు తెలిసుంటే సాయం లేకుండా అర్థమవుతుంది? 2000లో హు, నేషన్ కలిసి ఒక కథలో కొన్ని మాటలు తీసేసి వాటి స్థానంలో లేని మాటలు పెట్టి చదివించారు. వందకి 80 మాటలే తెలిసినప్పుడు ఎవ్వరికీ సరిగా అర్థం కాలేదు, 90, 95 దగ్గర కొద్దిమందికి అందింది, హాయిగా చదవాలంటే 98 దాకా తెలిసుండాలని తేలింది. 98 అంటే వంద మాటల్లో తెలియనివి రెండే. మీ పాసేజ్ 300 మాటలుంటే తెలియనివి ఆరు దాటకూడదు. మనం "కొత్త పదాలు నేర్చుకుంటారు కదా" అని వరసకి రెండు కొత్త మాటలు ఉండేలా పాసేజ్ వెతికి తెస్తాం. పాఠానికి అది సరేనేమో, మీరు పక్కనే ఉండి విప్పి చెప్తారు కాబట్టి. టెస్ట్‌కి పనికిరాదు. అలాంటి పాసేజ్ మీద రీడింగ్ టెస్ట్ పెడితే అది మారువేషంలో ఉన్న మీనింగ్స్ టెస్టే. చదవడం వేరుగా తెలియాలంటే పదాల అడ్డు తొలగించిన పాసేజ్ ఇవ్వాలి, అప్పుడు కూడా రాకపోతే ఇబ్బంది చదవడంలోనే ఉందని ధైర్యంగా చెప్పొచ్చు. మీరు అడిగిన "వేరు చేయడం సాధ్యమేనా" అనేదానికి నా జవాబు ఇది. పూర్తిగా కుదరదు, కానీ ఒకదాన్ని తేలిక చేసి రెండోదాన్ని చూడొచ్చు.

ఎలా కనుక్కోవాలంటే, పాసేజ్ ఇచ్చి ప్రశ్నల కంటే ముందు తెలియని మాటల కింద గీత పెట్టమనండి. దీనికి మార్కులు లేవని గట్టిగా చెప్పండి, లేకపోతే టెన్షన్‌తో ఒక్క గీతా పెట్టరు. తర్వాత గీతలు లెక్కపెట్టి ప్రశ్నల మార్కుల పక్కన రాసుకోండి. గీతలు తక్కువ, జవాబులు రావడం లేదు, ఒక రకం. గీతలు ఎక్కువ, అందుకే జవాబులు రావడం లేదు, ఇంకో రకం. గీతలు ఎక్కువున్నా జవాబులు వచ్చాయంటే, అయితే ఊహించి అర్థం చేసుకునే నేర్పున్న పిల్లలు, లేకపోతే మీ ప్రశ్నలు ఆ డ్రోక్స్ రకం.

రెండూ కలిపి చూడాలనుకున్నప్పుడు క్లోజ్ టెస్ట్ ఉంది. 1953లో విల్సన్ టేలర్ అసలు పాసేజ్ ఎంత తేలిక, ఎంత కష్టం అని కొలవడానికి తెచ్చాడు దాన్ని, తర్వాత భాష నేర్చుకునేవాళ్లని కొలవడానికి మళ్లింది. మొదటి వాక్యం ముట్టుకోకుండా వదిలేసి, అక్కణ్ణుంచి ప్రతి ఐదో మాటో ఏడో మాటో తీసేసి ఖాళీ ఉంచుతారు. తయారు చేయడం పది నిమిషాల పని. కానీ తీసేసింది "ద" నో "ఆఫ్" నో అయితే గ్రామర్, పెద్ద మాటైతే పదజ్ఞానం, "హవెవర్" లాంటిదైతే పైవాక్యానికీ కిందివాక్యానికీ సంబంధం పట్టుకున్నారా అనేది, అన్నీ కలగాపులగంగా ఒకే స్కోరులోకి వస్తాయి. మీ సమస్యే ఒకే అంకెలో అన్నీ కలిసిపోవడం కాబట్టి క్లోజ్ ఒక్కదాని మీదే ఆధారపడమని నేను చెప్పను.

---

తెల్లకాగితం:

అందరికీ చాలా థాంక్సండీ. ఆ గీతల పద్ధతి, చదివి వినిపించి అడగడం ఈ వారమే మొదలుపెడతాను. రెండు సందేహాలు మిగిలాయి. టైమ్ ఎంత ఇవ్వాలి? కొందరు టైమ్ చాలక వదిలేస్తారు, వాళ్లకి రాదా, నిదానమా అనేది తెలియదు. రెండోది, నేను రాసిన ప్రశ్న మంచిదో కాదో పిల్లలకి పెట్టిన తర్వాతైనా తెలుసుకునే మార్గం ఉందా?

---

మార్జిన్‌లో:

టైమ్‌కి ఒక ఉపాయం, పెన్ను మార్పించడం. టైమ్ అయిపోగానే అందరినీ ఆపి, నీలం పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ తీసుకుని మిగిలింది పూర్తి చేయమనండి, పదిహేను నిమిషాలు ఇవ్వండి. నీలంతో ఎంత, పెన్సిల్‌తో ఎంత అని రెండు మార్కులు వేసుకోండి. పెన్సిల్‌లో మార్కు బాగా పెరిగినవాళ్లు నిదానం, పెరగనివాళ్లకి నిజంగా అందడం లేదు. నిదానం కూడా పట్టించుకోవాల్సిన విషయమే. ఇంగ్లీష్ బాగా వచ్చిన పెద్దవాళ్లు మనసులో చదివే వేగం నిమిషానికి 238 మాటల దగ్గర ఉంటుందని 2019లో బ్రైస్‌బర్ట్ చాలా అధ్యయనాలు కలిపి లెక్క తేల్చారు. పిల్లల్ని, అందులో రెండో భాషలో చదివేవాళ్లని దానితో పోల్చకూడదు, కానీ నిమిషానికి నలభై యాభై మాటల దగ్గర ఆగిపోయినవాళ్లకి కొత్త పదాలు చెప్పడం కంటే, ఇప్పటికే తెలిసిన పదాలతో ఉన్న తేలిక కథలు చాలా, చాలా చదివించడం ముఖ్యం.

---

దిద్దుబాటు:

ప్రశ్న మంచిదో కాదో తెలుసుకోవడానికి పెద్ద స్టాటిస్టిక్స్ ఏమీ అక్కర్లేదు, కాగితం పెన్సిల్ చాలు. దిద్దిన పేపర్లని టోటల్ ప్రకారం పేర్చండి. క్లాసులో ముప్ఫై మంది ఉంటే పైనున్న పది పేపర్లు ఒక పక్క, కిందున్న పది ఒక పక్క పెట్టండి, మధ్యవి వదిలేయండి. ఇప్పుడు ఒక్కో ప్రశ్న తీసుకుని పై పదిలో ఎంతమంది రైట్ రాశారు, కింది పదిలో ఎంతమంది రైట్ రాశారు చూడండి. పైన ఎనిమిది, కింద మూడు అయితే తేడా ఐదు, పదితో భాగిస్తే 0.5, ఆ ప్రశ్న బాగా పనిచేస్తోంది. పైన తొమ్మిది, కింద తొమ్మిది అయితే ప్రశ్న ఎవరినీ వేరు చేయడం లేదు, అలాంటివి ఒకటి రెండు మొదట్లో ధైర్యానికి ఉంచొచ్చు. పైన నాలుగు, కింద ఏడు అని వచ్చిందంటే మాత్రం ఆ ప్రశ్నలోనే ఏదో ఉంది, కీ తప్పైనా అయ్యుండాలి, రెండో ఆప్షన్ కూడా రైట్ అయ్యే అవకాశమైనా ఉండాలి. బాగా చదివే పిల్లలు ఆలోచించి ఆ రెండోదానికి వెళ్లిపోతారు, మిగతావాళ్లు పైపైన చూసి మొదటిది పెట్టేస్తారు. అలాంటి ప్రశ్న కనబడితే పై పదిలో తప్పు రాసిన ఇద్దర్ని పిలిచి ఎందుకలా అనుకున్నారో అడగండి, అంతకంటే మంచి సమాచారం ఇంకెక్కడా దొరకదు.

ఒక్క షరతు. ఐదు ప్రశ్నల పేపర్‌తో ఈ లెక్క పనిచేయదు, పేర్చడానికి టోటలే నమ్మకంగా ఉండదు కాబట్టి. ఒక పొడుగు పాసేజ్ బదులు నూటయాభై మాటల పాసేజ్‌లు మూడు, ఒక్కోదానికి నాలుగైదు ప్రశ్నలు ఇవ్వండి. ఒకే పాసేజ్ అయితే ఆ విషయం ముందే తెలిసిన పిల్లలకి కలిసొస్తుంది, మూడు వేరు వేరు విషయాలైతే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. రిజిస్టర్‌లో రీడింగ్‌కి ఒక గడి, పదాలకి ఒక గడి, గీతల సంఖ్యకి ఒక గడి గీసుకోండి. టోటల్ అడిగేవాళ్లకి టోటల్ ఇవ్వండి, మీరు రేపటి పాఠం ఆలోచించుకునేటప్పుడు మాత్రం ఆ మూడు గడులే చూడండి. బాగా పనిచేసిన ప్రశ్నల్ని విడిగా ఒక నోట్‌బుక్‌లో పైవాళ్లెంత, కిందివాళ్లెంత అనే అంకెలతో సహా రాసి ఉంచుకోండి, వచ్చే బ్యాచ్‌కి పేపర్ సెట్ చేసేటప్పుడు సగం పని అక్కడే అయిపోతుంది.